పెళ్లికాని పిల్లకి ఆ సూదెందుకు?

పర్లాకిమిడిలో మాది తెలుగు వీధే. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఇక ఆంధ్రా. ఒడియా అందరం మాట్లాడతాం గానీ, చదవమంటే మా వదినలాంటివాళ్లు తడబడతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా గురించిన ఒడియా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, రేషన్ కార్డుతో పాటు కవర్లో పెట్టేసింది.

"పదేళ్ల పిల్లకి ఇప్పుడెందుకమ్మా? రేపు పిల్లలు పుట్టకపోతే?"

ఇది మొండితనమని నేననుకోను. ఏ తల్లయినా అడగాల్సిన మాటే. ఈ క్యాన్సర్‌కి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. లైంగిక సంబంధాల ద్వారా సోకుతుంది. ఒకసారి ఒంట్లో చేరాక దాన్ని ఈ టీకా తరిమేయలేదు. అందుకే చేరకముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తారు. ఇక టీకాలో ఉండేది వైరస్ కాదు, దాని పైతొడుగును పోలిన ప్రొటీన్ గుల్ల మాత్రమే. లోపల జన్యువు లేదు. గింజలేని వేరుశెనగ డొల్లను చల్లితే మొలుస్తుందా? ఇదీ అంతే. కానీ ఆ డొల్లను చూసి మన శరీరం అసలు వైరస్‌ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. సంతానానికి దీనివల్ల హాని ఉన్నట్టు ఎక్కడా తేలలేదు.

ఇంత చెప్పినా వదిన ముఖంలో అనుమానం పోలేదు. ఖమ్మం సంగతి ఆమె విన్నదే. 2009లో ఆ జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలా అనుమతి కాగితాల మీద సంతకాలు అమ్మానాన్నలవి కావు, హాస్టల్ వార్డెన్లవి. నన్నడిగితే, జనం నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసింది ఆ సంతకాలే.

ఇంకొకటుంది. సూది వేయించిన రాత్రి జ్వరమొస్తే "నేనే కదా తీసుకెళ్లాను" అని తల్లి కుమిలిపోతుంది. వేయించకుండా ముప్పై ఏళ్లకు క్యాన్సర్ వస్తే? ఇవాళ ఇంట్లో కూర్చోవడానికీ దానికీ ముడిపెట్టేవాళ్లెవరూ ఉండరు. చేసిన పని గుచ్చుకున్నంతగా చేయని పని గుచ్చుకోదు.

మొన్న ఆశా కార్యకర్త దీదీ వస్తే వదిన నేరుగా అడిగింది: "మీ అమ్మాయికి వేయించావా?" దీదీ ఫోన్లో కూతురి టీకా కార్డు ఫొటో చూపించింది.

"జ్వరమొచ్చిందా?"

"ఒక్క రాత్రి. చెయ్యి రెండ్రోజులు నొప్పెట్టింది."

వదిన ఇంకా సరే అనలేదు. సూరత్‌లో ఉన్న అన్నయ్యతో మాట్లాడాలట.