సెల్లార్ గోడలోంచి నీళ్లు కారుతుంటే

పిల్లలూ,

గోడ మీద తడి కనబడగానే సిమెంటు పూసి రంగు కొట్టేద్దామనిపిస్తుంది, కానీ అలా చేయకండర్రా. అవతలి మట్టిలో నిలిచిన నీళ్లు తమ బరువుతో గోడను తోస్తూ ఉంటాయి. భూగర్భ నీటిమట్టానికి 3 మీటర్ల కింద గోడ ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 3 టన్నుల బరువంత ఒత్తిడి పడుతుంది. ఇవతలి పల్చటి పూత దానికి తట్టుకోలేక పొక్కి ఊడిపోతుంది, లేకపోతే నీళ్లు దాన్ని తప్పించుకుని పక్కనుంచి వస్తాయి.

అందుకే ముందు ఆ నీళ్లు ఎక్కడివో చూడండి. వాన పడ్డప్పుడే కారుతోందా, ఏడాదంతానా, పైన కుళాయి తిప్పినప్పుడా? కుళాయి వల్లయితే పైపు బాగుచేస్తే సరి, గోడ జోలికి పోనక్కర్లేదు. లోపల తడిసిన చోటుకు ఎదురుగానే బయట కంత ఉంటుందనుకోవద్దు, నీళ్లు కాంక్రీటులో దూరం పాకి వస్తాయి. ఒక రోజు పోసిన కాంక్రీటుకూ మరో రోజు పోసినదానికీ మధ్య అతుకు, గోడా నేలా కలిసే మూల, పైపు గోడలోంచి దూరే చోటు, కంకర సరిగా కూరుకోక గుల్లబారిన చోటు: ముందు వీటినే అనుమానించండి.

పగులును మూసే పద్ధతి నాకు చాలా ఇష్టం. పగులు మీద కాకుండా పక్కనుంచి 45 డిగ్రీల వాలుగా రంధ్రం వేస్తారు, గోడ మందంలో సగం దగ్గర పగులును తాకేలా. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, ఎందుకంటే లోపల పగులు ఎటు వంగిందో పైకి తెలియదు. రంధ్రాల్లో ప్యాకర్లు, అంటే పంపు తగిలించే చిన్న గొట్టాలు బిగించి, కింది నుంచి పైకి ఒక్కొక్కదాన్లోంచి పాలీయురేతేన్ అనే రెజిన్ (జిగురులాంటి ద్రవం) పంపుతో ఎక్కిస్తారు. అది నీళ్లు తగలగానే నురగై పొంగి సందు నింపుతుంది. పై ప్యాకర్‌లోంచి రెజిన్ బయటికొచ్చాకే దానికి మారాలి, తొందరపడితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఎపాక్సీ అనే గట్టిపడే రెజిన్ అయితే గోడకు బలం తిరిగి రావాల్సిన, కదలిక లేని పొడి పగుళ్లకు. కదిలే పగులులో అది పోస్తే పక్కనే ఇంకో చోట చీలుతుంది.

నీళ్లు చిమ్ముతుంటే నేరుగా అడ్డుకోకండి. జోరుగా ఉన్న చోట చిన్న పైపు పెట్టి దారి ఇవ్వండి, చుట్టూ కొద్ది నిమిషాల్లో గట్టిపడే ప్లగ్ సిమెంటు వేయండి, అది బిగిశాక పైపు మూయండి. ఇది తాత్కాలికమే, తర్వాత రెజిన్ ఎక్కించాల్సిందే.

వెంట్రుకంత పగులు మీద తెల్లటి పొక్కు కట్టి తడి ఆగిపోతే భయం లేదు, సున్నం పేరుకుని ఒక్కోసారి దానంతటదే మూసుకుపోతుంది. ఎర్రటి చారలు కారితే మాత్రం వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. లోపలి ఊచలు తుప్పు పడుతున్నాయన్నమాట, తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది.

పంపు నడుస్తున్నప్పుడు ప్యాకర్‌కు ఎదురుగా నిలబడొద్దు, ఒత్తిడికి ఊడి తగులుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి, సెల్లార్‌లోకి గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టాకే రెజిన్ డబ్బా మూత తీయండి.

మీ తాతయ్య