పాత కారుకు ముందే సెల్ఫ్ కొట్టకండి: అపోహలు - వాస్తవాలు

"కొత్త బ్యాటరీ వేసినమన్నా, సెల్ఫ్ కొడితే లోపల గరగరమన్నది." ఏళ్ల తరబడి ఆగి, టోయింగ్ బండి మీద మా షెడ్డుకొచ్చే పద్మినీలు, అంబాసిడర్ల గురించి ఎక్కువగా వినే మాట ఇదే.

అపోహ: బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే బండి సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: తెలిసేలోపే బోరు, అంటే పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ, పాడవుతుంది. ఆగిన ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ కిందికి జారిపోతుంది. ఏదో ఒక సిలిండర్‌కు వాల్వు తెరిచే ఉంటుంది. వానాకాలపు తేమ అక్కణ్నుంచి దిగి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆనుకున్న చోట తుప్పు కడుతుంది. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే బోరు గీరుకుపోతుంది, రింగు విరగనూ వచ్చు. కాస్త ఆయిల్‌తో పోయేది రీబోరు (బోరును మళ్లీ కోయించడం), దానికి సరిపడే పెద్ద సైజు పిస్టన్ల దాకా వెళ్తుంది.

ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోసి కొన్ని రోజులు నాననివ్వండి. న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. బిగిస్తే బలం పెట్టొద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. తేలిగ్గా తిరిగాక ఇంజన్ ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ రానివ్వండి. ఆ తర్వాతే ప్లగ్గులు, కొత్త పెట్రోలు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ జెట్లు మూసేస్తుంది, ట్యాంకు దించి కడగాల్సిందే.

మారేడుపల్లి నుంచి ఒకాయన వాళ్ల నాన్నగారి పద్మిని తెచ్చారు. తాడు కట్టి లాగి గేర్లో వదిలితే అదే స్టార్టవుతుందని చుట్టుపక్కల వాళ్లు చెప్పారట. ఇలాంటి సలహాలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం "ఖరాబైతదేమోనని ముట్టుకోలే అన్నా, తప్పు చేసిన్నా?" అని దిగులుగా అడిగారు. తప్పు కాదు, ఆ భయమే ఇంజన్‌ను కాపాడింది. ఒక పిస్టన్ పట్టేసి ఉంది, ఆయిల్‌లో నానాక వదిలింది. సీటు కింద నాన్నగారి నోటుబుక్కు దొరికింది. ఎప్పుడు ఆయిల్ మార్చారో, టప్పెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉంచే సందు) ఎంత పెట్టారో అన్నీ రాసున్నాయి. అలాంటివి దొరికితే పారేయకండి, మాకు అదే బండి జాతకం.

ఇక బ్రేకులు. పెడల్ గట్టిగా ఉంటే చాలదు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లలో (చక్రాల దగ్గర బ్రేకును నొక్కే చిన్న సిలిండర్లు) గుంటలు పెడుతుంది. విప్పి చూడకుండా రోడ్డెక్కొద్దు. టైరు గీత బాగున్నా పక్కల పగుళ్లుంటే మార్చాల్సిందే.

ఇప్పటి పెట్రోలు పోస్తే పాత ఇంజన్ పేలిపోతుందన్నది ఉత్త పుకారు. అందులో కలిపే 20 శాతం ఇథనాల్‌కు చెడేది పాత రబ్బరు. పెట్రోలు హోసులు, పెట్రోలు పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. కదలని బండిలో నెలల తరబడి పెట్రోలు ఉంచకండి.

15 ఏళ్లు దాటితే తుక్కేననే మాట ఢిల్లీ ఆంక్షల నుంచి పుట్టింది. ఇక్కడ ఫిట్‌నెస్ పాసైతే ఆర్సీ 5 ఏళ్లకు రెన్యువల్ అవుతుంది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ విడిగా ఉంది, కాకపోతే వాటిని రోజూ తిప్పకూడదు. ఆర్సీ కాగితం పోయినంత మాత్రాన కారును తుక్కుకు అమ్మకండి, డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.