తుగ్లక్‌ని పిచ్చోడిగా మనకి అప్పజెప్పింది ఎవరు?

మళ్ళీ తుగ్లక్ పేరు లేచింది. 2016లో నోట్ల రద్దప్పుడూ ఇదే, 2019 చివర్లో మూడు రాజధానుల గొడవప్పుడూ ఇదే, ఎవరికి కోపం వచ్చినా ఎదుటివాళ్ళని తుగ్లక్ అనేస్తారు. దౌలతాబాద్‌కి రాజధాని మార్చడం, వెండి నాణెం విలువకే రాగి నాణేలు చెల్లించమనడం, ఇవన్నీ స్కూల్లో చదివినవే కాబట్టి వదిలేస్తున్నా. టైం మెషీన్ ఎక్కి ఈయన పేరు బాగుచేయాలంటే ఎక్కడ దిగాలి అంటే చాలామంది 1327 అంటారు, రాజధాని మార్చకుండా ఆపితే సరిపోతుందని. నేనైతే 1351 తర్వాత దిగుతా, ఆయన చరిత్ర రాసిన జియాఉద్దీన్ బరనీ కూర్చుని రాసుకుంటున్న గదిలో.

బరనీ 17 ఏళ్ళకి పైగా మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఆంతరంగికుడు. 1351లో సుల్తాన్ సింధులో థట్టా దగ్గర చనిపోయాడు, ఫిరోజ్ షా గద్దెనెక్కాడు, బరనీ బతుకు రోడ్డున పడింది. పదవి పోయి, పేదరికంలో, ముసలితనంలో కూర్చుని 1357లో పూర్తి చేసిన చరిత్రలోంచే మన పాఠం వచ్చింది. పన్నులు, రాజధాని, నాణేలు, ఖొరాసాన్ (ఇరాన్ వైపు ప్రాంతం) మీదికని పోగేసిన సైన్యం, హిమాలయాల దండయాత్ర, అన్నిటినీ తేదీల వరస లేకుండా ఒక్కచోట కుప్పపోసి రాజ్యం నాశనమైంది వీటివల్లే అన్నాడు. ఏళ్ళ తేడాతో జరిగినవి ఒక్కచోట చదివితే ఎవడైనా పిచ్చోడిలాగే కనపడతాడు కదా, మన టెక్స్ట్‌బుక్కుల్లో ఆ లిస్టే దిగింది.

బరనీ కోపం అసలు ఎక్కడుందో కూడా ఆయనే చెప్పుకున్నాడు. తోటమాలికీ, వంటవాడికీ, మంగలికీ, నేతగాడికీ సుల్తాన్ పదవులు ఇచ్చాడని పేర్లు పెట్టి మరీ తిట్టాడు, తక్కువ పుట్టుకవాళ్ళు అధికారంలోకి రావడం ఆయనకి అస్సలు మింగుడు పడలేదు. ఇది చదివాక నాకు మిగతా నింద మీద నమ్మకం సగం పోయింది. తెలంగాణ నుంచి వెళ్ళి ఇస్లాంలోకి మారిన కన్ను అనే మనిషి ఈ సుల్తాన్ దగ్గరే మాలిక్ మక్బూల్‌గా ఎదిగి, తర్వాత ఫిరోజ్ షాకి వజీర్ అయ్యాడు, ఇది మన దగ్గర ఎంతమందికి తెలుసు?

మిగతా ఇద్దరు సాక్షుల సంగతి కొంచెమే చెప్తా. సుల్తానుల చరిత్రని పద్యాల్లో రాసిన ఇసామీ తాత 90 ఏళ్ళ వయసులో దౌలతాబాద్ దారిలో తిల్‌పత్ దగ్గరే చనిపోయాడు, ఆ బాధ నిజమే, కానీ 1350లో పుస్తకం ముగించింది సుల్తాన్ మీద తిరగబడి దక్కన్‌లో రాజ్యం పెట్టుకున్న బహమనీల నీడలో. ఢిల్లీలో కుంటివాడు, గుడ్డివాడు కూడా మిగలలేదని చెప్పిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అసలు ఢిల్లీ చేరింది 1334లో, అంటే అది విన్నమాట. ఢిల్లీ ప్రాంతంలో 1327, 1328 నాటి సంస్కృత శాసనాలు మాత్రం అక్కడ జనం మామూలుగానే బతుకుతున్నట్టు చెప్తున్నాయి, 1938లో మెహదీ హుస్సేన్ అనే చరిత్రకారుడు వీటిని పట్టుకునే, ఢిల్లీ ఖాళీ అయిపోయిందన్న బరనీ వాదాన్ని ఎదిరించాడు.

నాణేల విషయానికొస్తే, చైనాలో అప్పటికే కాగితం డబ్బు నడుస్తోంది. ఇక్కడ దొంగ నాణేలు ఆపే ఏర్పాటు లేక దెబ్బతింది, సుల్తాన్ వెనక్కి తీసుకుని ఖజానాలోంచి బంగారం వెండి ఇచ్చాడు, ఈ మాట రాసింది కూడా బరనీనే.

అలాగని ఈయన్ని మంచోడు అనను. 1323లో, ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు, ఉలుగ్ ఖాన్ పేరుతో ఓరుగల్లు పట్టుకుని సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది ఈయనే, బందీగా తీసుకెళ్తుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెప్తోంది. పూజలు ఆగిపోవడం, రైతుల పంట గుంజుకోవడం, ఇవీ అందులో మనవాళ్ళు రాసుకున్న ఫిర్యాదులు.