మంటకు పురి పెట్టేవాళ్లు

నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే నా పాత విద్యార్థిని వాళ్ల నాన్న కలిశాడు. గీత పని చేస్తాడు. "సారూ, మా బిడ్డ ఎమ్మెస్సీ అయినంక గుజరాత్ పోయి ప్లాస్మా మీద పీహెచ్‌డీ చేస్తనంటుంది. గదేం చదువు? అయిపోయినంక నౌకరి దొరుకుతదా?" అని అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదని కూర్చోబెట్టాను. ఆయనకు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్లాస్మా అంటే వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లుగా, ధనావేశమున్న అయాన్లుగా విడిపోయిన వాయువు. దాన్ని పదార్థపు నాలుగో స్థితి అని రెండు మార్కుల జవాబు రాయించి వదిలేస్తాం. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నేనూ అంతే చేశాను. ఇప్పుడు తలుచుకుంటే బాధ కలుగుతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నల్లగొండ మీదుగానే పోయింది. ఉస్మానియావారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టుకుని చూశారు. మా ఇంట్లో మాత్రం కిటికీలు మూసి, నీళ్ల బిందెల్లో గరిక వేసి, పిల్లలందరినీ లోపల కూర్చోబెట్టారు. సూర్యుడి చుట్టూ కరోనా, అంటే పది లక్షల డిగ్రీలకు పైబడ్డ ప్లాస్మా, రెండు నిమిషాలకు పైగా మా నెత్తి మీదే వెలిగింది. నేను చీకటి గదిలో ఉన్నాను. గ్రహణం చూస్తే కీడన్న ఒక్క మాట ఎంతమంది పిల్లల దగ్గర్నుంచి ఆ రెండు నిమిషాలు లాక్కుందో!

సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని, అంటే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడాన్ని, నేల మీద చేసి కరెంటు తీయాలన్నదే ఈ చదువు లక్ష్యం. 'అణు' అనగానే ఆయన మొహం మారింది. మా జిల్లాలో యురేనియం తవ్వబోయిన లంబాపూర్, పెద్దగట్టు పేర్లు, నల్లమల యురేనియం ఆందోళన గుర్తున్న మనిషి. ఇందులో యురేనియం ఉండదని చెప్పాను. ఇంధనం రెండు రకాల హైడ్రోజన్: నీటిలో దొరికే డ్యుటీరియం, లిథియం నుంచి చేసుకునే ట్రిటియం. ట్రిటియానికి రేడియోధార్మికత ఉంది, న్యూట్రాన్లు తగిలి యంత్రం గోడలకూ వస్తుంది. అది దాచకుండా చెప్పాలి, చెప్పాను.

ఇక అసలు సంగతి. ఈ మంటకు 15 కోట్ల డిగ్రీలు కావాలి. ఏ గిన్నెలో పోస్తాం? గోడ తగలకుండా అయస్కాంత క్షేత్రంతోనే కట్టేయాలి. ఆవేశమున్న కణం అయస్కాంత రేఖను చుట్టుకుంటూ పోతుంది కాబట్టి ఆ రేఖలను గారె ఆకారంలో గుండ్రంగా వంచి కలిపేస్తే కణానికి బయటపడే చివరే ఉండదు. వినడానికి ఇంతే. కానీ ఇలా కడితే నిలవదు.

ఎందుకు నిలవదో చూడండి. గారె మధ్య చిల్లు వైపు క్షేత్రం బలంగా, బయటి అంచు వైపు బలహీనంగా ఉంటుంది. కణం తిరిగే చిన్న చుట్టులో లోపలి సగం బిగుతుగా, బయటి సగం వెడల్పుగా పడుతుంది. దాంతో చుట్టు మొదలైన చోటికి వచ్చి మూసుకోదు, కొద్దిగా పక్కకు జరుగుతుంది. అలా చుట్టు చుట్టుకూ అయాన్లు పైకి జరుగుతాయి, ఎలక్ట్రాన్లు కిందికి. పైన ధనావేశం, కింద రుణావేశం పేరుకుని మధ్యలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అది ప్లాస్మా మొత్తాన్ని బయటి గోడకేసి తోస్తుంది. సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడిచేలోపే అంతా అయిపోతుంది.

దీనికి విరుగుడు పురి. "మీ మోకులో నారలు పక్కపక్కన ఊరికే పెడితే మిమ్మల్ని మోస్తాయా?" అని అడిగాను. "పురి లేకుంటె అది తాడెట్లయితది సారూ," అన్నాడు. అయస్కాంత రేఖలకు కూడా అలాగే పురి పెడతారు. అప్పుడు రేఖ వెంట పోయే కణం కాసేపు గారె పై సగంలో, కాసేపు కింది సగంలో ఉంటుంది. పైకి జరిగే గుణం దానికి పోదు. కానీ పై సగంలో ఉన్నప్పుడు పైకి జరగడమంటే మధ్య నుంచి దూరం పోవడం, కింది సగంలో ఉన్నప్పుడు పైకి జరగడమంటే మధ్యకు దగ్గర కావడం. పోయినంత దూరం వెనక్కి వస్తుంది. పైన, కింద పేరుకోబోయిన ఆవేశాలు కూడా ఆ రేఖల వెంటే పారి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. నాకు భౌతికశాస్త్రం మొత్తంలో ఇంతకన్నా అందమైన ఉపాయం కనిపించలేదు.

1950ల మొదట్లో రష్యాలో తామ్, సఖరోవ్ ఆలోచించిన టోకామాక్ అనే యంత్రంలో ప్లాస్మాలోనే కరెంటు పారించి ఈ పురి పెడతారు. అదే కాలంలో అమెరికాలో స్పిట్జర్ మొదలుపెట్టిన స్టెల్లరేటర్‌లో బయటి తీగచుట్టలనే మెలితిప్పి పెడతారు.

నేను ఇంకా చెప్పబోతుంటే ఆయనే, "పురి మరీ ఎక్కువైతె తాడు మీదికి లేచి మెలికలు పడుతది గద?" అన్నాడు. నా ఒళ్లు పులకరించింది. క్రుస్కాల్, షఫ్రానోవ్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టిన హద్దు అచ్చంగా ఇదే. రేఖ అడ్డంగా, అంటే గారె మందం చుట్టూ, ఒక చుట్టు పూర్తిచేసేలోపు గారె పొడవునా ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ సంఖ్యను క్యూ అంటారు. పురి పెరిగితే క్యూ తగ్గుతుంది. అంచు దగ్గర అది 1 కన్నా తగ్గితే ప్లాస్మా మొత్తం ఎక్కువ పురి పడ్డ తాడులాగే మెలికపడి గోడకు కొట్టుకుంటుంది. 2 దగ్గరకు వచ్చినా ప్రమాదమే, అందుకే అంచున 3 చుట్టుపక్కల ఉంచుతారు. లోపల క్యూ 2, 3/2 లాంటి విలువలకు వచ్చిన చోట రేఖలు కొన్ని చుట్లకే తమ తోకను తామే పట్టుకుంటాయి. అక్కడ 'అయస్కాంత దీవులు' ఏర్పడి వేడి కారిపోతుంది.

పరిశోధకుల జీవితం గడిచేది ఇలాంటి ఒక్కో కారడం మీదే. ఎమ్మెస్సీ తర్వాత జెస్ట్ లాంటి పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో మొదటి ఏడాది పాఠాలు, ఆపైన గైడు, సమస్య. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ఐదారేళ్లు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థికిచ్చే భత్యం, నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. 1989లో మొదలైన ఆదిత్య టోకామాక్, 2013లో మొదటి ప్లాస్మా చూసిన ఎస్‌ఎస్‌టీ-1 అక్కడివే. ప్రయోగాన్ని 'షాట్' అంటారు. ఆదిత్యలో ఒక్క షాట్ సెకను కూడా నిలవదు. ఆ కాసిన్ని మిల్లీసెకన్ల డేటా మీద రోజులకు రోజులు కూర్చుంటారు. తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం: అమెరికాలో ప్రిన్స్‌టన్, జర్మనీలో గార్హింగ్, బ్రిటన్‌లో కల్హమ్, ఫ్రాన్స్‌లో కడరాష్. పక్కా ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటుతాయి. ఈ మాట దగ్గర ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆ సంస్థకు తొలి డైరెక్టర్ ప్రెధిమాన్ క్రిషన్ కా. 1966లో ఐఐటీ ఢిల్లీ నుంచి పీహెచ్‌డీ తీసుకునేనాటికి ఆయనకు 18 ఏళ్లు. ప్రిన్స్‌టన్‌లో పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడ ఈ రంగాన్ని నిలబెట్టారు. పలు దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో కడుతున్న పెద్ద టోకామాక్ ఐటర్‌లో మన దేశం చేరింది ఆయన కాలంలోనే. ఒప్పందం 2006లో, ఆయన పోయింది 2017లో. ఐటర్ ఇంకా కడుతూనే ఉన్నారు. తాడులో ఏ నారా ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉండదు, ఒకటి అయిపోకముందే ఇంకొకటి అందుకుంటుంది.

ఇంతవరకు వచ్చిందెంత? బ్రిటన్‌లోని జెట్ యంత్రం 2023లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో ఐదు సెకన్లలో 69 మెగాజౌళ్లు ఇచ్చింది. మన మీటరు లెక్కలో 19 యూనిట్లు. వేడెక్కించడానికి అంతకన్నా ఎక్కువే పెట్టారు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ అనే టోకామాక్ ప్లాస్మాను 1,337 సెకన్లు నిలిపింది, అంటే 22 నిమిషాలు.

నౌకరి గురించి ఉన్నదున్నట్టు చెప్పాను: దేశంలో ఈ ఉద్యోగాలు తక్కువ. కానీ వాక్యూమ్, లేజర్లు, సూపర్‌కంప్యూటర్ మీద లెక్కలు నేర్చిన పిల్ల ఖాళీగా ఉండదు. "సరే, దాని ఇష్టం," అని ఆయన సైకిల్ మోటారెక్కి పోయాడు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. 5 టెస్లాల క్షేత్రంలో, 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న డ్యుటీరియం అయాన్ చుట్టు ఎంత పెద్దదో కట్టమన్నాను. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసార్ధం వచ్చింది. పెన్ను కింద పెట్టకుండానే, "ఎలక్ట్రాన్‌కైతే ఇందులో అరవయ్యో వంతే కదా సార్!" అంది.