ఇంటర్నెట్ ఎండిపోతుందా?

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

కనుమ నాటి సాయంత్రం మీ అమ్మ ఫోనులో డేటా అయిపోయింది. అప్పుడు చిన్నోడు నన్నొక మాట అడిగాడు, గుర్తుందా? “తాతా, ఎండాకాలం చెరువు ఎండిపోయినట్టు ఇంటర్నెట్ కూడా ఎండిపోతుందా? మేం పెద్దయ్యేసరికి ఉంటుందా?” అని. ఆ పూట నాకు జవాబు తోచలేదు. మీరు బస్సెక్కి వెళ్లినప్పటి నుంచీ గెనిమ మీద నడుస్తున్నా అదే ఆలోచన.

నాకు తెలిసింది కాలవ. దాంతోనే చెబుతాను. మన పొలం కయ్యలో పారే నీళ్లు సోమశిల డ్యాం నుంచి పెన్న నదిలోకి వదిలినవి. సంగం దగ్గర ఆనకట్ట వాటిని ఆపి పెద్ద కాలవలోకి మళ్లిస్తుంది. పెద్ద కాలవ నుంచి పిల్ల కాలవ, తూము, చివరికి కయ్యలోకి నీళ్లు వదిలే మన మడవ. ఇంటర్నెట్ దారి కూడా ఇలాంటిదే. సముద్రం అడుగున వేల మైళ్లు పరిచిన తీగలు పెద్ద కాలవలు. అవి మన దేశంలో ముంబై, చెన్నై లాంటి చోట్ల ఒడ్డుకు చేరతాయి. వాటి లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులుంటాయి. నీళ్లకు బదులు వాటిలో వెలుగు పారుతుంది, సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో. ఒడ్డు నుంచి నేలలో పాతిన తీగల మీదుగా మన ఊరి టవరు దాకా వస్తుంది. టవరు తూము, మీ చేతిలో ఫోను మడవ.

డేటా అయిపోయిందంటే నీళ్లయిపోయాయని కాదు నాయనా, మన వంతు అయిపోయిందని. వంతు దాటాక కాలవ కాపలా చూసే లస్కరు వచ్చి తూము దించేస్తాడు, కాలవ మాత్రం పారుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి బొమ్మ ఆగి ఆగి వస్తుందే, అది ఊరంతా ఒకేసారి మడవలు తెరిచినందువల్ల.

మీ వయసులో నాకూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది, ఈ నీళ్లు ఎక్కడివని. ఒకరోజు బడి ఎగ్గొట్టి, నేనూ నా నేస్తం ఒకడూ కాలవ గట్టు పట్టుకుని ఎదురు నడిచాం. కాలవ వెడల్పవుతూ పోయింది. తాటిముంజెలు తిన్నాం, కాళ్లు బొబ్బలెక్కాయి. పొద్దు వాలే వేళకు సంగం పాత ఆనకట్ట కనిపించింది. తెల్లవాళ్ల కాలంలో, 1880ల్లో కట్టింది. పెన్న దాని మీద నుంచి తెల్లగా దూకుతోంది. మా కయ్యలో చీలమండ లోతు నీళ్లు ఇంత పెద్ద నది నుంచి వస్తున్నాయా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇంటికెళ్లాక నాయన కొట్టాడు. ఆ దెబ్బ గుర్తులేదు, ఆ నీళ్ల మోత ఇప్పటికీ చెవిలో ఉంది.

అయితే కాలవకూ ఇంటర్నెట్టుకూ ఒక తేడా ఉంది. నీళ్లకు ఒకటే దారి. మీ అమ్మ పంపే ఫొటో మాత్రం చిన్న చిన్న ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ ఒక అంకె పడుతుంది. ఒక దారి తెగితే ముక్కలు ఇంకో దారిన పోయి, అవతల అంకెల వరసలో మళ్లీ ఒక్కటవుతాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోతే రైళ్లు ఆగిపోయాయి కదా. ఇంటర్నెట్ అంత తేలిగ్గా ఆగదు. కానీ ఆ వరదలో మన ఊళ్లో కరెంటు పోయి టవరు మూగబోయింది. మేం క్షేమంగా ఉన్నామన్న ఒక్క మాట మీ అమ్మకు చెప్పడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. ఎంత పెద్ద కాలవున్నా మన మడవ పూడిపోతే కయ్య తడవదు.

ఇక మీరు పెద్దయ్యేసరికి ఎలా ఉంటుందంటారా? మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. ఇంత కొద్ది కాలంలోనే చేపలమ్మే అవ్వ కూడా గంప పక్కన క్యూఆర్ కోడ్ పెట్టుకుంది. ఇకమీదట మనుషులకే కాదు, వస్తువులకూ ఇంటర్నెట్ కావాలి. దాని మీదకు వచ్చే ప్రతి వస్తువుకూ ఇంటి నంబరు లాంటి ఒక అంకె ఉండాలి. పాత పద్ధతిలో సుమారు 430 కోట్ల అంకెలే ఉండేవి, అవి చాల్లేదు. కొత్త పద్ధతిలో 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని ఉన్నాయి. మోటారుకూ తూముకూ గేదె మెడలో పట్టెడకూ తలా ఒకటి ఇచ్చినా తరగవు.

మన పక్క రొయ్యల గుంట చూశారుగా. పగలు నీళ్లలోని పచ్చని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదీ రొయ్యలతో పాటు ఊపిరి పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ టెన్షన్‌తో గుంట మామ రాత్రి మూడింటికి టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచి ఫోనుకు కబురు పెట్టే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. రేపు అవి ప్రతి గుంటలోనూ ఉంటాయి, నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలు వాటంతటవే తిరుగుతాయి, మామ కంటినిండా నిద్రపోతాడు. అయినా నీళ్ల రంగు చూసి, వాసన చూసి చెప్పే ఆయన విద్యను మీరు ఇప్పుడే దగ్గర కూర్చుని నేర్చుకోండి. కరెంటు పోయిన రాత్రి అదే ఆదుకుంటుంది.

నాకున్న దిగులు చివరి ఆయకట్టు గురించే. కాలవ మొదట్లో ఉన్నవాళ్ల పొలం మునిగేంత పారుతుంది, చివరి కయ్య నెర్రెలిస్తుంది. 2020లో కరోనాకు బడి ఫోనులోకి వచ్చినప్పుడు మన కాలనీ పిల్లలకు ఫోన్లే లేవు. బుజ్జమ్మ ఈడు పిల్ల ఒకతె మన అరుగు మీద కూర్చుని నా ఫోనులో పాఠం వినేది. వంతు వచ్చిన రాత్రి మా నాయన లాంతరు పట్టుకుని మన కయ్య తడిపాక నేరుగా ఇంటికి రాడు. కింది రైతు మడవ దాకా నీళ్లు చేరాయో లేదో చూసి వచ్చేవాడు.

ఉదయగిరి వైపు మెట్టకు కాలవ ఎక్కదు, అక్కడ వానే దిక్కు. ఇంటర్నెట్ కూడా అలా పైనుంచి కురిసే రోజులు వస్తున్నాయి. మిద్దె ఎక్కి మనం చూసే శ్రీహరికోట రాకెట్లు ఉన్నాయే, వాటిలో రెండు 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న 36 చొప్పున ఇంటర్నెట్ ఉపగ్రహాలను మోసుకెళ్లాయి. సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తున అవి ఇప్పుడూ తిరుగుతున్నాయి. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో దీపాలు మిణుకుమనే ఆ డబ్బా వెనక ఒక సన్నని తీగ ఉంటుంది. అది గోడ దాటి ఏ స్తంభం ఎక్కింది, అక్కడి నుంచి ఏ వీధిలోకి మళ్లింది, ఎక్కడ నేలలోకి దిగింది, ఇద్దరూ కలిసి దాని వెంట నడిచి చూడండి. రోడ్డు దాటేటప్పుడు చిన్నోడి చెయ్యి వదలొద్దు బుజ్జమ్మా. ఎంత దూరం వెళ్లగలిగారో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాత