నడుము నొప్పి లెక్కలోకి ఎలా వచ్చింది

పని వల్ల ఒళ్లు పాడవుతుందన్న మాట పాతదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే వృత్తి రోగాల మీద పుస్తకం వేశాడు. 1713 నాటి కూర్పులో గుమాస్తాల సంగతి చేర్చాడు: కదలకుండా కూర్చోవడం, రాసే చెయ్యి ఒకే తీరున ఆడడం, తప్పు దొర్లకూడదన్న ధ్యాస. కీబోర్డు ముందు కూర్చునేవాళ్లకూ ఇవే సరిపోతాయి.

పనిచోటును మొదట మార్చినవాళ్లకు మాత్రం కావలసింది ఎక్కువ పని. 1900 ప్రాంతంలో అమెరికా ఉక్కు కంపెనీ బెత్లెహెం స్టీల్‌లో ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ ఒక్కో పారకు 21 పౌండ్లు, అంటే దాదాపు తొమ్మిదిన్నర కిలోలు సరైన బరువని తేల్చి, సరుకును బట్టి పారల సైజు మార్పించాడు. కట్టడాల కాంట్రాక్టరు ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలను మేస్త్రీ చేతికందే ఎత్తులో ఉంచే పరంజా తయారుచేశాడు. నేల దాకా వంగడం తప్పింది. కానీ ఆ సుఖం కొసరుగా వచ్చిందే.

ఆరోగ్యం కోసమే పనిముట్టును మార్చిన ఉదాహరణ కాలిఫోర్నియా పొలాల్లో కనిపిస్తుంది. కలుపు తీసే పొట్టి పిడి పారతో కూలీలు రోజంతా నడుము వంచే ఉండేవారు. పొడుగు పిడితో మొక్కలు దెబ్బతింటాయని రైతులు వాదించారు. 1975లో పొట్టి పిడిని నిషేధించారు.

బరువులెత్తే పనిలో ఎంత ఎత్తొచ్చో లెక్కగట్టడానికి, పనిచోటు భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1981లో ఒక సూత్రం ఇచ్చి, 1991లో సవరించింది. అన్నీ అనుకూలంగా ఉంటే పరిమితి 23 కిలోలు. అంటే బరువు చీలమండలకు 25 సెంటీమీటర్లలోపు, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, ఒళ్లు తిప్పకూడదు, మాటిమాటికీ ఎత్తకూడదు. పెట్టె 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, 11.5 కిలోలకు పడిపోతుంది. అదే పెట్టె నేల మీద ఉంటే 9 కిలోలు కూడా మిగలవు. పక్కకు తిరిగి పెట్టాల్సి వస్తే ఇంకా కోత. వెన్ను కండరాలు వెన్నెముకను ఆనుకునే లాగుతాయి కాబట్టి, బరువు ముందుకు జరిగేకొద్దీ వాటి మీద భారం పెరిగిపోతుంది. అందుకే పెట్టెను తేలిక చేసే ముందే ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్క పలక) కింద ఎత్తు స్టాండు పెట్టడం, అడ్డొచ్చే అంచు తీసేయడం మేలు. "సరిగ్గా ఎత్తండి" అన్న శిక్షణ ఒక్కటే పెడితే దూరం తగ్గదు.

2000 నవంబరులో అమెరికా కార్మిక శాఖ తెచ్చిన ఎర్గొనామిక్స్ (పనిని ఒంటికి తగ్గట్టు మార్చే శాస్త్రం) నిబంధనను 2001 మార్చిలో కాంగ్రెస్ రద్దుచేసింది. యజమానులు ఖర్చు భరించలేమన్నారు. ఆ 23 కిలోలు అక్కడ ఇవాళ్టికీ సిఫారసే.