గెంతితే మూత్రం జారుతోందా? గర్భసంచి జోలికి పోకండి

"స్కిప్పింగ్ నాలుగు గెంతులు గెంతేసరికి తడిసిపోతోందండీ, ఇంక గర్భసంచి తీయించేసుకుందామనుకుంటున్నాను." భీమవరంలో ఫిజియోథెరపీ చేసే నాకు ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. విసుగు చెప్పినావిడ మీద కాదు, ఆవిడ చెవిలో ఆ మాట వేసినవాళ్ళ మీద. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దానితో పనేముంది" అని ఆడపడుచు అంటుంది, పక్కింటావిడ అవునంటుంది, అయిపోయింది.

గర్భసంచి మూత్రాన్ని పట్టి ఉంచదండీ. ఆ పని మూత్రనాళం చుట్టూ ఉన్న కండరాలది, పొత్తికడుపు కింద ముందు ఎముక నుంచి వెన్ను చివరి దాకా పరుచుకున్న కటి కండరాలది. బరువెత్తినా, గెంతినా, దగ్గినా కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ క్షణంలో కండరం బిగుసుకోకపోతే చుక్క జారుతుంది. మంచం నులక వదులైతే పరుపు తీసి అవతల పారేస్తామా? పైగా ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి తర్వాత ఈ లీకేజీ ఎక్కువవుతుంది, కొందరికి లోపలి భాగాలు కిందికి జారతాయి, అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే మెనోపాజ్. క్యాన్సరో, మందులకు లొంగని రక్తస్రావమో ఉంటే అది వేరే సంగతి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మన ఆంధ్రాలో దాదాపు 9 శాతం, దేశంలో మనమే ముందున్నాం. వాళ్ళందరికీ అవసరమయ్యే చేశారంటే నేను నమ్మను.

మరి మొదటి వైద్యం ఏంటంటే వ్యాయామమే. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు రాసిన పద్ధతి, అందరూ పేరు విన్నదే, సరిగ్గా చేసేవాళ్ళే తక్కువ. జుంబాకి వెళ్ళే ఒకావిడ "రోజూ చేస్తున్నానండీ, ఏం తేడా లేదు" అన్నారు. చేసి చూపించమన్నాను. పిరుదులు బిగించారు, పొట్ట లోపలికి లాగారు, ఊపిరి బిగబట్టి మొహం ఎర్రగా చేసుకున్నారు, అసలు కండరం మాత్రం కదల్లేదు. "ఊపిరి వదలండమ్మా, గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికీ పైకీ లాగండి చాలు" అంటే, కాసేపటికి "ఓహో, ఇదా అండీ!" అని ఆవిడే నవ్వేశారు. ఒకసారికి 8 బిగింపులు, రోజుకి మూడుసార్లు, తక్కువలో తక్కువ 3 నెలలు. బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడమూ అంతే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయకండి. బరువెత్తే ముందు, దగ్గే ముందు ఒకసారి బిగించండి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

జిమ్ మానేయాలా అంటే అక్కర్లేదు. కొన్నాళ్ళు గెంతులు, పెద్ద బరువులు తగ్గించి కాలవ గట్టు మీద నడకో సైకిలో పెట్టుకుని, పట్టు వచ్చాక మెల్లగా పెంచుకోవచ్చు. అయితే కాన్పైన మూడు నెలల్లోపు పరుగు, గెంతులు వద్దు.

మిగతా అపోహలకి గబగబా జవాబు చెప్పేస్తాను. "సిజేరియన్ కదా, నాకు రాదు": వస్తుంది, కడుపుతో ఉన్నప్పటి బరువూ ఒత్తిడీ ఆ కండరాల మీద పడినవే కదా. "పెళ్ళికాని పిల్లకి ఇదేంటండీ" అని కూతుర్ని తీసుకొచ్చి గుసగుసలాడే తల్లులూ, టెన్షన్ పడకండి, పిల్లలు పుట్టని క్రీడాకారిణుల్లోనూ ఇది బాగా కనిపిస్తుంది, పిల్ల తప్పేం లేదు. "నీళ్ళు తగ్గిస్తే సరి": మన ఉక్కపోతలో నీళ్ళు మానేసి గెంతితే కళ్ళు తిరుగుతాయి, మూత్రం చిక్కబడి మంట, మలబద్ధకం, ముక్కితే ఆ కండరాలకే ఇంకా దెబ్బ. "కెగెల్ అందరికీ మంచిదే": కలయికలో నొప్పి, మూత్రం సాఫీగా రాకపోవడం ఉంటే కండరం అప్పటికే బిగుసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు నేర్పాల్సింది సడలించడం. చూపించుకోకుండా మొదలుపెట్టకండి.

మూత్రంలో రక్తం, జ్వరంతో మంట, కింద ఏదో గడ్డలా తగలడం ఉంటే ముందు గైనిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాళ్ళ మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం అసలు రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు "కొంచెం నీరసంగా ఉందండీ" అని ఊరుకోకుండా, గెంతితే మూత్రం జారుతోందని ఆ మాటే చెప్పండి.